మళ్ళీ ఇంటరా?

2013లో, నాకు 35 ఏళ్ల వయసులో, నేను మళ్ళీ చదువుకోవడానికి వెళ్ళాను. కాలిఫోర్నియాలో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఒక కమ్యూనిటీ కాలేజీలో 'ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా' అనే కోర్సులో చేరాను. గుంటూరులో ఉన్న మా అమ్మకి ఫోను చేసి ఆ మాట చెప్పాను.

"అదేంటే! ఇంటర్ ఎప్పుడో పాసయ్యావు కదా, మళ్ళీ ఇంటరా?" అంది అమ్మ.

అమ్మ అలా అనడానికి కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో పదో తరగతి తర్వాత చదివే రెండేళ్ల చదువుని ఇంటర్మీడియట్ అంటారు. ముద్దుగా 'ఇంటర్'. మీ 11, 12 తరగతులు అన్నమాట. కానీ నేను చేరిన కోర్సు పేరులో ఇంటర్మీడియట్ అంటే 'మధ్యలో ఉండేది' అని మాత్రమే అర్థం. మొదటి మెట్టు ఎలిమెంటరీ ఆల్జీబ్రా. పై మెట్టు కాలేజీ స్థాయి లెక్కలు. ఈ రెండిటికీ మధ్య మెట్టు ఇది.

కమ్యూనిటీ కాలేజీ అంటే ఏమిటి?

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీల్లో ఎక్కువగా రెండేళ్ల చదువులు ఉంటాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1901లో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీ, ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో అన్నిటికంటే పాతది. ఒక్క కాలిఫోర్నియాలోనే ఇలాంటి కాలేజీలు 116 ఉన్నాయి. ఇక్కడ రెండేళ్లు చదివి అసోసియేట్ డిగ్రీ తీసుకోవచ్చు. లేదా ఇక్కడి నుంచి యూనివర్సిటీకి మారి మిగతా చదువు అక్కడ పూర్తి చేయవచ్చు.

ఇక్కడ వయసు పట్టింపు లేదు. మా తరగతిలో నా పక్కన 18 ఏళ్ల అబ్బాయి కూర్చునేవాడు. వెనక బల్ల దగ్గర లారీ నడిపే ఒక పెద్దాయన. ఫీజు కూడా తక్కువే. ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్లకి యూనిట్‌కి 46 డాలర్లు. మా కోర్సు 5 యూనిట్లు. అంటే ఎంత? మీరే గుణించండి: 230 డాలర్లు.

నేను అక్కడికి ఎలా చేరాను?

అకౌంటింగులో అసోసియేట్ డిగ్రీ చేయాలని నా కోరిక. కాలేజీవాళ్లు ముందుగా కంప్యూటర్ మీద ఒక లెక్కల పరీక్ష పెట్టారు. ఎవరిని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో తేల్చే పరీక్ష అది.

నేను పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. ఇంటర్‌లో లెక్కలు తీసుకోలేదు. ఆ పరీక్షలో 'ఫ్యాక్టర్ చేయండి' అని ఉంటే నాకు అర్థం కాలేదు. కారణాంకాలు కనుక్కోమంటే కనుక్కునేదాన్నేమో! తోచిన జవాబు నొక్కి ముందుకు వెళ్ళిపోయాను. చివరికి కాలేజీ స్థాయికి ఒక మెట్టు కింద ఆపేశారు.

చాలా సిగ్గేసింది. అప్పుడు మా అమ్మాయి ఎనిమిదో తరగతి. వాళ్ల బడిలో తనూ ఆల్జీబ్రానే చదువుతోంది! నా పుస్తకం తనకి కనబడకుండా దాచుకుని, తను పడుకున్నాక వంటింట్లో కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని.

నాలుగా, రెండా?

ఒకరోజు రాత్రి మా అమ్మాయి మంచినీళ్ల కోసం వచ్చి నా పుస్తకం చూసేసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మా, నాకూ ఒక డౌటు. క్వాడ్ అంటే నాలుగు కదా? మరి క్వాడ్రాటిక్ ఈక్వేషన్‌లో పవర్ రెండే ఉందేంటి?"

నేను ఆ లెక్క వైపు చూశాను. "ఓహో, ఇది వర్గ సమీకరణమా!" అన్నాను.

"వర్గం అంటే?"

"చదరం. మీ స్క్వేర్. చదరానికి భుజాలు ఎన్ని?"

"నాలుగు... ఓ! అందుకా!"

అవును, అందుకే. లాటిన్ భాషలో 'క్వాడ్రాటుమ్' అంటే చదరం. ఒక సంఖ్యని అదే సంఖ్యతో గుణిస్తే చదరం వైశాల్యం వస్తుంది. ఆ చదరం ఉన్న సమీకరణం కాబట్టి ఆ పేరు. తెలుగు పేరు ఆ సంగతి సూటిగా చెప్పేస్తుంది.

ఆ రాత్రి నాకు ఒక విషయం తెలిసింది. నాకు ఈ లెక్కలు అసలు రానివి కావు. వాటి ఇంగ్లీషు పేర్లు రావు. కొన్ని పద్ధతులు మరిచిపోయాను కూడా. అవి సాధన చేస్తే తిరిగి వస్తాయి. మర్నాటి నుంచి నా పుస్తకం బల్ల మీదే ఉంది.

ఒక లెక్క చేద్దాం

ఈ కోర్సులో ఏముంటాయి? రేఖీయ సమీకరణాలు, కారణాంకాలు, వర్గమూలాలు, వర్గ సమీకరణాలు, ప్రమేయాలు, సంవర్గమానాలు. వీటిలో ఒకటి చూద్దాం.

ఒక కూరగాయల మడి ఉంది. దాని పొడవు వెడల్పుకంటే 3 అడుగులు ఎక్కువ. వైశాల్యం 40 చదరపు అడుగులు. వెడల్పు ఎంత?

వెడల్పు మనకి తెలియదు. దానికి ఒక గుర్తు కావాలి. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన 'బీజగణితం' అనే సంస్కృత గ్రంథంలో తెలియని రాశిని 'యావత్ తావత్' అన్నాడు. 'ఎంతో అంత' అని అర్థం. దాన్ని పొట్టిగా 'యా' అని రాసేవారు. మనమూ అలాగే రాద్దాం.

వెడల్పు యా అయితే పొడవు యా + 3.

యా × (యా + 3) = 40

గుణిస్తే: యా² + 3యా = 40

40ని ఇటువైపు తెస్తే: యా² + 3యా − 40 = 0

ఇప్పుడు రెండు సంఖ్యలు వెతకాలి. వాటిని గుణిస్తే −40 రావాలి, కలిపితే 3 రావాలి. అవి 8, −5.

(యా + 8) × (యా − 5) = 0

రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే వాటిలో ఒకటైనా సున్నా కావాలి. కాబట్టి యా = −8 లేదా యా = 5. మడి వెడల్పు సున్నాకంటే తక్కువ ఉండదు కదా! కాబట్టి వెడల్పు 5 అడుగులు, పొడవు 8 అడుగులు. సరిచూద్దాం: 5 × 8 = 40. సరిపోయింది.

అందరూ చేసే తప్పు

మొదటి పరీక్షలో నాకు నూటికి 58 వచ్చాయి. ఎక్కువ మార్కులు పోయింది ఒకే తప్పువల్ల. రెండు సంఖ్యల మొత్తాన్ని వర్గం చేయమంటే, దేని వర్గం దానికి రాసి కలిపేశాను.

అది ఎందుకు తప్పు? చిన్న సంఖ్యలతో చూడండి. (2 + 3)² అంటే 5², అంటే 25. కానీ 2² + 3² అంటే 4 + 9, అంటే 13 మాత్రమే. మిగతా 12 ఎక్కడికి పోయింది?

కాగితం మీద 5 గళ్ల పొడవు, 5 గళ్ల వెడల్పు ఉన్న చదరం గీయండి. పొడవుని, వెడల్పుని 2, 3గా విడగొట్టి గీతలు గీయండి. నాలుగు ముక్కలు వస్తాయి: 4 గళ్ల చదరం ఒకటి, 9 గళ్ల చదరం ఒకటి, 6 గళ్ల దీర్ఘచతురస్రాలు రెండు. నేను మరిచిపోయింది ఆ రెండు ముక్కల్నే. ఈ బొమ్మ నాకు గీసి చూపించింది మా అమ్మాయి.

ఆ తర్వాత

నేను బి గ్రేడుతో పాసయ్యాను. కానీ మొదటిరోజు నిండుగా ఉన్న మా తరగతిలో చివరికి చాలా కుర్చీలు ఖాళీ అయిపోయాయి. లారీ నడిపే పెద్దాయన కూడా మధ్యలోనే మానేశారు. ఆయనకి తెలివి లేక కాదు. రాత్రి పని, పగలు చదువు కుదరలేదు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఈ కోర్సు పాసైనా, యూనివర్సిటీకి మారేటప్పుడు దీని యూనిట్లు అక్కడి డిగ్రీకి లెక్కలోకి రావు. కొందరు ఇలాంటి మెట్లు రెండు మూడు ఎక్కాల్సి వచ్చేది. ఒక్క మెట్టు దగ్గర ఆగినా చదువు ఆగిపోయేది. అందుకే కాలిఫోర్నియాలో 2017లో ఒక కొత్త చట్టం చేశారు. ఒక్క పరీక్ష చూసి విద్యార్థిని కింది మెట్టుకి పంపకూడదు, హైస్కూలు మార్కులు చూడాలి, వీలైనంతవరకు నేరుగా కాలేజీ స్థాయి లెక్కల్లో చేర్చుకోవాలి అని దాని సారాంశం. కావలసినవాళ్లకి ఆ తరగతితోపాటే అదనపు సాయం ఇస్తారు. వేరే రాష్ట్రాల్లో చాలా కాలేజీల్లో ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా ఇంకా ఉంది.

నాకైతే ఆ మెట్టు ఉపయోగపడింది. ఆ పెద్దాయనకి అది గోడ అయింది. రెండూ నిజమే.

ఆల్జీబ్రా అనే మాట 'అల్ జబ్ర్' అనే అరబిక్ మాట నుంచి వచ్చింది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులో ఆ మాట ఉంది. విరిగినదాన్ని తిరిగి అతకడం అని దాని అర్థం. మధ్యలో ఆగిన నా చదువు కూడా ఆ వంటింటి బల్ల మీదే తిరిగి అతుక్కుంది.

ఫలితాలు వచ్చాక అమ్మకి మళ్ళీ ఫోను చేశాను. "పోనీలే, ఈసారి ఇంటర్‌లో లెక్కలు కూడా పాసయ్యావు!" అంది.

కొత్త పదాలు

బీజగణితం: ఆల్జీబ్రా. బీజం అంటే విత్తనం.
సమీకరణం: ఈక్వేషన్. రెండు వైపులా సమానం అని చెప్పేది.
వర్గం: స్క్వేర్. ఒక సంఖ్యని అదే సంఖ్యతో గుణిస్తే వచ్చేది.
వర్గమూలం: స్క్వేర్ రూట్. మూలం అంటే వేరు.
కారణాంకం: ఫ్యాక్టర్. శేషం లేకుండా భాగించేది.
లబ్ధం: గుణిస్తే వచ్చిన జవాబు.
ప్రమేయం: ఫంక్షన్.
సంవర్గమానం: లాగరిథమ్.

ఆలోచించి చెప్పండి

1. ఇంటర్మీడియట్ అనే మాట విని అమ్మమ్మ ఏమనుకుంది? ఎందుకు?
2. రచయిత్రి తన పుస్తకాన్ని ఎందుకు దాచుకుంది? తర్వాత ఎందుకు దాచలేదు?
3. ఒక మడి పొడవు వెడల్పుకంటే 2 అడుగులు ఎక్కువ. వైశాల్యం 48 చదరపు అడుగులు. 'యా' వాడి వెడల్పు కనుక్కోండి.
4. మీ అమ్మానాన్నలు, తాతయ్య, అమ్మమ్మ, నానమ్మ లెక్కలు ఏ భాషలో నేర్చుకున్నారో అడగండి. వాళ్లకి గుర్తున్న మూడు లెక్కల పదాలు తెలుగులో రాసుకురండి.