కవలలకు డబుల్ స్ట్రోలర్: కొనే ముందు లిఫ్టు తలుపు ఎందుకు కొలవాలి?

జాతీయ టీకాల షెడ్యూలు ప్రకారం బిడ్డ పుట్టిన 6, 10, 14 వారాలకు టీకాలు వేయించాలి. ఒక్క బిడ్డయితే తల్లి ఎత్తుకుని వెళ్లి వేయించుకొస్తుంది. కవలలైతే ఒకరిని భుజాన వేసుకున్నాక రెండో బిడ్డను పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. అమ్మమ్మో, నాయనమ్మో ఇంట్లో ఉంటే సరే. ఉద్యోగాల కోసం బెంగళూరు, పుణె, గురుగ్రామ్‌లకు వెళ్లి ఉంటున్న జంటలకు పగటిపూట ఆ ఇంకో మనిషి దొరకరు. దాంతో చాలామంది తల్లులు నెలల తరబడి గడప దాటలేకపోతుంటారు.

ఏడాదిన్నర, రెండేళ్ల తేడాతో ఇద్దరు పిల్లలున్న ఇళ్లలోనూ దాదాపు ఇదే పరిస్థితి. పెద్దది నడుస్తుంది కానీ, వంద అడుగులు వేసి ఎత్తుకోమంటుంది.

ఇద్దరినీ ఒకే మనిషి తీసుకెళ్లగలిగేలా చేసేది డబుల్ స్ట్రోలర్. మన దగ్గర కొన్ని మోడళ్లే దొరుకుతాయి. చాలామంది ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి కొంటారు, లేదా అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకుంటారు. పెట్టె విప్పి బిగించాక, అది లిఫ్టులో పట్టదని తెలుస్తుంది.

పక్కపక్కనా? ముందూ వెనకా?

డబుల్ స్ట్రోలర్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో రెండు సీట్లూ పక్కపక్కన ఉంటాయి. రెండో రకంలో ఒక సీటు ముందు, ఇంకొకటి దాని వెనక లేదా కింద ఉంటుంది. దీన్ని టాండెమ్ అంటారు.

పక్కపక్క రకం వెడల్పు సాధారణంగా 70 నుంచి 80 సెంటీమీటర్లు ఉంటుంది. పిల్లలిద్దరికీ గాలి, వెలుతురు, కాళ్లు చాపుకునే చోటు సమానంగా దొరుకుతాయి. బరువు చక్రాల మధ్య సమంగా పడుతుంది కాబట్టి నెట్టడం, మలుపు తిప్పడం తేలిక. పిల్లలిద్దరి బరువులో బాగా తేడా ఉంటే మాత్రం బండి ఒక పక్కకు లాగుతుంది.

టాండెమ్ వెడల్పు మామూలు స్ట్రోలర్‌కు దగ్గరగా ఉంటుంది. కానీ పొడవు చాలా మోడళ్లలో మీటరు దాటుతుంది. పిల్లల బరువుల్లో తేడా ఉన్నా పెద్ద ఇబ్బంది ఉండదు. చిక్కంతా ముందు చక్రాలతోనే. మన ఇళ్ల గడపలు, అపార్ట్‌మెంటు గేటు దగ్గరి మెట్టు, వీధిలోని స్పీడ్ బ్రేకర్ దాటాలంటే హ్యాండిల్ కిందికి నొక్కి ముందు చక్రాలు లేపాలి. ముందు సీటులో బిడ్డ ఉంటే ఆ బరువు చేతికి దూరంగా ఉంటుంది కాబట్టి లేపడానికి ఎక్కువ బలం కావాలి. సిజేరియన్ అయిన తల్లికి మొదటి వారాల్లో ఇది చిన్న విషయం కాదు.

సెంటీమీటర్ల లెక్క

ఈ బండ్లు చాలావరకు యూరప్, అమెరికా మార్కెట్ల కోసం రూపొందినవి. అమెరికాలో వీల్‌చెయిర్లు వెళ్లేలా ప్రజా భవనాల తలుపులకు కనీసం 32 అంగుళాల, అంటే సుమారు 81 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలని వికలాంగుల చట్టం కింది నిబంధనలు చెబుతాయి. అక్కడి డిస్నీ పార్కులు 2019 మే 1 నుంచి 31 అంగుళాల వెడల్పు దాటిన స్ట్రోలర్లను లోపలికి రానివ్వడం లేదు. అందుకే 30 అంగుళాలు, అంటే 76 సెంటీమీటర్ల వెడల్పున్న బండి 'ఏ తలుపులోనైనా పడుతుంది' అనే ప్రచారం అక్కడ చెల్లుతుంది.

మన ఇళ్లలో పడకగది తలుపు తరచూ రెండున్నర లేదా మూడు అడుగులే ఉంటుంది. రెండున్నర అడుగులంటే 76 సెంటీమీటర్లు. అందులో ద్వారబంధం, తలుపు మందం పోతే మిగిలేది ఇంకా తక్కువ.

లిఫ్టుల దగ్గర పరిస్థితి మరీ ఇరుకు. భారతీయ ప్రమాణాల ప్రకారం ఆరుగురు పట్టే లిఫ్టు లోపల వెడల్పు 110 సెంటీమీటర్లు, లోతు 100 సెంటీమీటర్లు, తలుపు 70 సెంటీమీటర్లు. పక్కపక్క రకం ఆ తలుపులోంచి దూరడమే కష్టం. టాండెమ్ తలుపు దాటినా పొడవు ఎక్కువై లోపల పట్టదు. అంటే చిన్న అపార్ట్‌మెంటులోని ఈ లిఫ్టుకు రెండు రకాలూ సరిపోకపోవచ్చు.

ఎనిమిది మంది పట్టే లిఫ్టు తలుపు 80 సెంటీమీటర్లు, లోపలి లోతు 110. ఇందులో 76 సెంటీమీటర్ల పక్కపక్క రకం రెండు వైపులా రెండేసి సెంటీమీటర్ల ఖాళీతో పడుతుంది. పది మంది లిఫ్టు లోతు 135 సెంటీమీటర్లు కాబట్టి టాండెమ్ కూడా నిలుస్తుంది. ఇవి ప్రమాణాల్లోని కొలతలు. పాత భవనాల్లో తేడా ఉండొచ్చు కాబట్టి టేపు తీసుకుని మీ లిఫ్టు తలుపు, లోతు, ఇంటి గుమ్మం కొలిచి రాసుకోండి. స్ట్రోలర్ వెడల్పు చూసేటప్పుడు సీటు దగ్గర కాకుండా వెనక చక్రాల బయటి అంచుల మధ్య దూరం లెక్కేయాలి. చాలా మోడళ్లలో అన్నింటికన్నా వెడల్పైన చోటు అదే.

కవలలకు ఒక లెక్క, అన్నాచెల్లెళ్లకు ఇంకో లెక్క

కవలలు ఒకే వయసు, దాదాపు ఒకే బరువు. రెండు సీట్లకూ ఒకే సౌకర్యం కావాలి. అందుకే లిఫ్టు అనుమతిస్తే వారికి పక్కపక్క రకమే మేలు. టాండెమ్‌లలో వెనక లేదా కింది సీటు ఇరుకుగా ఉంటుంది, కొన్నింటిలో అది పూర్తిగా వెనక్కి వాలదు.

వయసు తేడా ఉన్న పిల్లలకు, ఒక సీటుతో మొదలై రెండోది తర్వాత తగిలించుకునే మోడళ్లు అనువుగా ఉంటాయి. పెద్ద బిడ్డకు రెండున్నర, మూడేళ్లు దాటితే డబుల్ అవసరం కొద్ది నెలలే. అలాంటప్పుడు మామూలు స్ట్రోలర్ వెనక పెద్ద బిడ్డ నిలబడే చక్రాల పలక తగిలిస్తే సరిపోతుంది.

పసిపిల్లలకు వాలే సీటు తప్పనిసరి

మెడ నిలబడని బిడ్డను కూర్చోబెట్టకూడదు. తల ముందుకు వాలితే శ్వాసనాళం నొక్కుకుపోతుంది. అందుకే మొదటి ఆరు నెలలు దాదాపు చదునుగా వాలే సీటు కావాలి. కవలలకైతే రెండు సీట్లూ అలాగే వాలాలి. అమ్మేవారిని ఈ ప్రశ్న విడిగా అడగండి.

కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. వారి విషయంలో పుట్టినరోజు నుంచి కాకుండా డాక్టరు ఇచ్చిన ప్రసవ తేదీ నుంచి వయసు లెక్కించాలి. ఎనిమిది వారాల ముందు పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండినా, ఎదుగుదల లెక్కలో నాలుగు నెలలే. 'ఆరు నెలల నుంచి' అని రాసి ఉన్న సీటు ఆ బిడ్డకు అప్పుడే పనికిరాదు.

బండిలో నిద్రపోయిన బిడ్డను ఇంటికి రాగానే చదునైన పడక మీదికి మార్చాలి. స్ట్రోలర్ రోజూ నిద్రపుచ్చే చోటు కాకూడదు.

భద్రత ఎలా చూడాలి?

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆట వస్తువులకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. అయితే ఆ ఉత్తర్వు పిల్లలు ఆడుకునే వస్తువులకు సంబంధించినది. బొమ్మను కూర్చోబెట్టే బుల్లి బండి అందులోకి వస్తుంది కానీ, బిడ్డను కూర్చోబెట్టే బండి ఆట వస్తువు కాదు. స్ట్రోలర్ కొనేటప్పుడు యూరప్ ప్రమాణం ఈఎన్ 1888, లేదా అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్833 ప్రస్తావన ఉందేమో చూడండి.

పేరున్న కంపెనీ అయినంత మాత్రాన ధీమాగా ఉండలేం. మడిచే స్ట్రోలర్లకు పేరుపడ్డ బ్రిటన్ సంస్థ మెక్‌లారెన్ 2009 నవంబర్‌లో అమెరికాలో సుమారు 10 లక్షల స్ట్రోలర్లకు రీకాల్ ప్రకటించింది. తెరిచేటప్పుడు మడత కీలులో వేలు పడి పిల్లల వేలి కొసలు తెగిన ఘటనలు 12 నమోదయ్యాయి. కవలల మోడళ్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పాత బండి తెప్పించుకునేవారు, చేతులు మారిన బండి కొనేవారు మోడల్ పేరుతో రీకాల్ ఉందో లేదో చూసుకోవాలి. ఏ బండి అయినా తెరిచేటప్పుడు, మడిచేటప్పుడు పిల్లలు దూరంగా ఉండాలి.

కొనే ముందు మరికొన్ని చూసుకోండి. బెల్టు రెండు భుజాలు, రెండు నడుము వైపులు, కాళ్ల మధ్య కలిపి ఐదు చోట్ల పట్టి ఉంచేది కావాలి. బ్రేకు ఒక్కసారి తొక్కితే వెనక చక్రాలు రెండూ ఆగాలి. హ్యాండిల్‌కు కూరగాయల సంచి తగిలించకూడదు. పిల్లల్ని దించగానే బండి వెనక్కి తిరగబడుతుంది, ఒక్కరిని దించినా ఆ ప్రమాదం ఉంటుంది.

ఎండకని బండి మీద చున్నీయో, పలుచటి గుడ్డో కప్పడం మనకు అలవాటు. దాంతో గాలి ఆడక లోపల వేడి పెరిగిపోతుంది. బండికే పెద్ద టాపు, వెనక గాలి వచ్చే జాలీ ఉండటం మంచిది.

మడిచాక ఎక్కడ పెడతారు?

డబుల్ స్ట్రోలర్లు చాలావరకు 10 నుంచి 15 కిలోలు తూగుతాయి. పిల్లలిద్దరినీ చూసుకుంటూ దాన్ని ఎత్తి కారు డిక్కీలో పెట్టగలరా అన్నది ఆలోచించాలి. మీది సీఎన్‌జీ కారైతే డిక్కీలో చాలా చోటు సిలిండర్‌కే పోతుంది. చాలా క్యాబ్‌లదీ అదే సంగతి. ఎక్కువగా ఆటోలో, క్యాబ్‌లో తిరిగేవారికి గొడుగులా మడిచే తేలికపాటి రకం నయం. కానీ అందులో సీటు పూర్తిగా వాలేవి తక్కువ.

డబుల్ కొనకుండా కుదరదా?

కుదురుతుంది. ఒక బిడ్డను ఒంటికి కట్టుకునే క్యారియర్‌లో, ఇంకొకరిని మామూలు స్ట్రోలర్‌లో తీసుకెళ్లడం చిన్న లిఫ్టున్న ఇళ్లకు బాగా పనికొస్తుంది. క్యారియర్‌లో బిడ్డ ముఖం కనబడుతూ, గడ్డం ఛాతీకి ఆనకుండా ఉండాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే ముందు డాక్టరును అడగాలి. రెండు మామూలు స్ట్రోలర్లను క్లిప్పులతో కలిపి వాడేవారూ ఉన్నారు. లిఫ్టు దగ్గర విడదీయొచ్చు కానీ, అప్పుడు ఇద్దరు మనుషులు కావాలి.

రోడ్డు సంగతి కూడా చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్‌పై నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. అలా ఉంటే ఏ డబుల్ స్ట్రోలరైనా హాయిగా వెళ్తుంది. మీ వీధిలో పార్క్ చేసిన బైకులు, ట్రాన్స్‌ఫార్మర్లు, తెరిచి ఉన్న మూతలే ఉంటే ఆ బండి అపార్ట్‌మెంటు ఆవరణ, పార్కు, మాల్ దాటి పోదు. కేవలం అక్కడికే వాడతామంటే అద్దెకు తీసుకోవడమో, తెలిసినవారి దగ్గర తెచ్చుకోవడమో లాభం.

అంతకన్నా ఎక్కువ తిరిగే అవసరం ఉంటే, షాపులో ఒక్క పరీక్ష చేసి చూడండి. రెండు సీట్లలో చెరో పది కిలోల బియ్యం సంచి పెట్టి బండిని ఒక చేత్తో నెట్టండి, మలుపు తిప్పండి, షాపు గడప దాటించండి. తర్వాత సంచులు దించి ఎవరి సాయం లేకుండా మడిచి, పైకెత్తి చూడండి. రోజూ దాన్ని నెట్టబోయే మనిషే ఈ పరీక్ష చేయాలి.