కదలుబొమ్మల వెల

మన పాఠశాలలో బొమ్మలు వేయు నేర్పు గల బాలబాలికలు పెక్కుమంది కలరు. వారిలో కొందరు యానిమేషన్ విద్య నేర్చి, ఏ సంస్థలోను కొలువు చేయక, వచ్చిన పనిని వచ్చినట్లు ఒప్పుకొనుచు స్వతంత్రముగా జీవింప గోరుచున్నారు. ఇట్టివారిని ఫ్రీలాన్స్ యానిమేటర్లందురు. ఈ వృత్తి కూడు పెట్టునా యని తల్లిదండ్రులు మమ్మడుగుచుందురు. ఒక నిమిషపు చిత్రమునకు ఒకరు కొద్ది వేలును, మరియొకరు లక్షకు పైగాను ఏల అడుగుదురని పని చేయించుకొనువారును ఆశ్చర్యపడుచుందురు. ఈ రెండు ప్రశ్నలకును మూలమొక్కటియే గనుక దానిని ఇచట వివరింప బూనితిమి.

మన నగరమునకు ఈ విద్య క్రొత్తది కాదు. 2001లో హైదరాబాదున స్థాపింపబడిన గ్రీన్ గోల్డ్ సంస్థవారి ఛోటా భీమ్ 2008 మొదలు దేశమందలి పిల్లలకెల్ల పరిచితుడు. 2012లో వెలువడిన 'ఈగ' చిత్రమున ఈగకు ప్రాణము పోసిన మకుట సంస్థయు ఈ నగరముననే పని చేసినది. ఈ నగరమున రామానాయుడు స్టూడియోయు, నానక్‌రామ్‌గూడలో 2019లో ప్రారంభమైన అమెజాన్ వారి మహాభవనమును ఉన్నవి. సినిమావారికి కథ చెప్పుటకును, కంపెనీలవారికి తమ సరకును వివరించుటకును కదలుబొమ్మలు కావలసియున్నవి గాన, ఈ పనివారికి ఇచట అవకాశము కలదు.

ఇక వెల సంగతి. సినిమాలో ఒక్క సెకనునకు 24 చిత్రములు కంటి ముందు సాగును. అనగా నిమిషమునకు 1,440. ఒక్కొక్క చిత్రమును రెండేసి మారులు చూపినను 720 కావలెను. వీనిని చేతితో గీసినచో ఖర్చు మిక్కుటము. మన తోలుబొమ్మలకువలె కాళ్లు చేతులు విడివిడిగా అమర్చి కదల్చు పద్ధతిలో బొమ్మను ఒకసారి గీసిన చాలును గాన వెల తగ్గును. మూడు కొలతల బొమ్మలకైనచో ఆకారమును మలచి, లోపల ఎముకల గూడు వంటిది కట్టి, వెలుగునీడలు దిద్దవలెను. పిమ్మట కంప్యూటరు ఒక్కొక్క చిత్రమును సిద్ధపరచుటకు 10 నిమిషములు పట్టెననుకొందము. ఒక నిమిషపు చిత్రమునకు 240 గంటలు, అనగా ఒక యంత్రము రేయింబవళ్లు నడచినను 10 దినములగును.

కథలో ఏమి యున్నదనునది రెండవ విషయము. గోడముందు నిలిచి చేయి ఊపు బాలుడొక యెత్తు. జాతరలో ఎడ్లబండి దిగి నీటిలో నడచు కుటుంబము మరియొక యెత్తు. నీరు, వెండ్రుకలు, గాలికి కదలు వస్త్రము, మాటకు తగినట్లు మెదలు పెదవులు, ఇవియన్నియు దినములను మ్రింగును.

మూడవది దిద్దుబాట్లు. పని మొదలుపెట్టుటకు ముందు స్టోరీబోర్డు అను చిన్నబొమ్మల వరుసను వ్రాయుదురు. మార్పు ఆ దశలో చెప్పినచో గంటలో తీరును. చిత్రము ముగిసిన తరువాత చెప్పినచో వారము పట్టవచ్చును. గోడలు లేచిన పిదప గదులు మార్చుమని మేస్త్రీతో చెప్పుటకును దీనికిని భేదము లేదు. రేపటికే కావలెనను తొందరయు వెలను పెంచును.

నాలుగవది పనివాని బ్రతుకు. మన విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేసి చూడవలెను. ఒక యానిమేటరు ఇంటి ఖర్చు నెలకు 40,000 రూపాయలనుకొందము. నెలకు 25 పనిదినములని భాగించి, దినమునకు 1,600 చాలునని అతడు తలంచును. కాని సంవత్సరమునకు ఇంటికి 4,80,000. మూడేండ్లు నిలుచు 1,50,000 రూపాయల కంప్యూటరునకు ఏటికి 50,000. విద్యుత్తు, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్లకు 60,000. వెరసి 5,90,000 కావలెను. పని వెదకుట, క్రొత్త విద్య నేర్చుట, జ్వరము, పని దొరకని దినములు పోగా, కూలి వచ్చు దినములు 150 మాత్రమే యనుకొందము. అప్పుడు దినమునకు సుమారు 3,930 రూపాయలు రావలెను. పదునైదు దినముల పనికి 59,000 అడుగవలసినవాడు 24,000 అడిగినచో, తక్కిన సొమ్మును తన నిద్రనుండియు, పిల్లల ఫీజునుండియు చెల్లించుచున్నాడన్నమాట. చౌకయని సంతోషించువారు ఈ సంగతి నెరుగవలెను.

కావున పని చేయించుకొనువారు కథను ముందుగా తేల్చుకొని, దిద్దుబాట్లు ఎన్నియో, సొమ్ము ఎప్పుడెప్పుడు ఇయ్యవలెనో, చిత్రమును ఎచటెచట చూపుదురో కాగితముపై వ్రాసికొనవలెను. ఒక్క సభలో చూపుటకును, దేశదేశముల టీవీలలో ప్రచారము చేయుటకును వెల యొక్కటి కాజాలదు. కొంత సొమ్ము ముందుగా ఇచ్చుట న్యాయము. పనివాని కూలిని నిలుపుకొనుటను గూర్చి లేవీయకాండమును యాకోబు పత్రికయు ఎంత తీవ్రముగా హెచ్చరించుచున్నవో మన పిల్లలు వేదపాఠములలో చదివియే యున్నారు. ఆ కూలి పొలములో కోతకైనను, కంప్యూటరు ముందు బొమ్మకైనను ధర్మము ఒక్కటియే.

విలువైన సాఫ్ట్‌వేరు కొనలేమని బీద విద్యార్థులు అధైర్యపడ నక్కరలేదు. 2025లో ఆస్కారు బహుమానమందిన లాట్వియా దేశపు 'ఫ్లో' చిత్రము, ఎవరికైనను ఉచితముగా లభించు బ్లెండర్ అను సాధనముతోనే నిర్మింపబడెను. కావలసినవి చేతి నేర్పు, ఓర్పు, వీనితోకూడ లెక్క. బొమ్మ వేయుట నేర్చిన బిడ్డకు తన దినము వెలకట్టుటయు నేర్పినచో, ఈ వృత్తి కూడు పెట్టునా యను ప్రశ్నకు ఆ బిడ్డయే తల్లిదండ్రులకు సమాధానము చెప్పగలదు.