కూడవెల్లి సంగమేశ్వరాలయము: నిర్మాణము, పునర్నిర్మాణము

కృష్ణా తుంగభద్రలు కలియు చోట, కూడవెల్లి గ్రామమున, సంగమేశ్వరాలయ మను చిన్న గుడి యొకటి యుండెడిది. బాదామి చాళుక్యుల కాలమునకు, క్రీ. శ. 7వ శతాబ్దమునకు చెందిన కట్టడమది. నేడు ఆ గుడి అచట లేదు. తెలంగాణమందలి ఆలంపురమున నున్నది. అది తరలివచ్చిన విధము తెలియవలెనన్న ముందు దాని నిర్మాణమును గ్రహింపవలెను.

ఆలయము ఎత్తైన అధిష్ఠానముపై నిలిచినది. గర్భగృహముపైని శిఖరము నాగరరీతికి చెందినది. తమిళదేశమున మనము నిత్యము చూచు విమానము అంతస్తు లంతస్తులుగా లేచును. నాగర శిఖరమున అట్టి విభాగము ప్రధానము కాదు. నిలువు రేఖలు క్రిందినుండి పైకి సాగి, క్రమముగా లోనికి వంగి, ఉసిరికాయను బోలిన ఆమలకము కడ చేరును. చుట్టును ప్రాకారము కలదు. దాని వెలుపలి గోడలోని గూళ్లయందు శిల్పములు చెక్కబడినవి. గుడి చిన్నదైనను ఈ ప్రాకారమే దాని ప్రత్యేకత.

1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము ప్రాజెక్టు వలన కూడవెల్లి ముంపునకు లోనైనది. ఆలయమును కాపాడుటకు దానిని విప్పి తరలించుటయే మార్గమైనది. చాళుక్య శిల్పులు సున్నపు అతుకులపై ఆధారపడక, చెక్కిన రాతిపై రాతిని పొందికగా పేర్చి, బరువుచేతనే కట్టడమును నిలిపిరి. కావున అది అతుకుల వెంబడి విడివడగలదు. ఇట్టి పనియందు ప్రతి రాతికిని సంఖ్య వేసి, పటములు గీసి, శిఖరమునుండి క్రిందికి విప్పుదురు. క్రొత్త పునాదిపై క్రిందినుండి పైకి పేర్తురు. 1964 - 1968 నడుమ ఈజిప్టునందు అబూ సింబెల్ ఆలయములను తరలించినప్పుడు ఈ సౌలభ్యము లేకపోయెను. అవి కొండలో తొలిచినవగుటచే రంపములతో కోయవలసి వచ్చెను.

రాళ్లు దక్కినవి; స్థలము దక్కలేదు. రెండు నదుల కూడలివలన ఊరికి కూడవెల్లి యనియు, దేవునికి సంగమేశ్వరు డనియు పేర్లు కలిగెను. నేడు దేవుని చెంత ఆ సంగమము లేదు. అందుచే, తరలించిన ఆలయము కడ పూర్వస్థలపు పటమును, ఛాయాచిత్రములను, తరలింపు వృత్తాంతమును తెలుగులో ప్రదర్శించుట యుక్తము. లేనిచో ముందుతరమువారు ఆ పేరునకు అర్థమెరుగక వెదకుకొందురు. పూర్వుల ఊళ్లు విడిచి వచ్చి, ఇంటిపేర్లలో వానిని నిలుపుకొనిన తెలుగువారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు.