చిన్న చోటు - చక్కని సర్దుబాటు
(హాస్టల్ హాలు, ట్రంకు పెట్టె శుభ్రంగా ఉంచుకునే పద్ధతులు)

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. హాస్టల్లో ఇల్లాలు లేదు. ఉన్నది ఒక హాలు, అందులో ముప్పై నలభై మంది, మనిషికొక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి, ఒక కంచం, ఒక గ్లాసు, ఒక బకెట్టు. అందుకని మన దగ్గర ఆ సామెతను కొంచెం మార్చుకుని, పెట్టెను చూసి విద్యార్థిని చూడమనాలి. చదువు గురించి, పోటీ పరీక్షల గురించి ఈ సంచికలో రాసేవారు చాలామంది ఉంటారు. ఇక్కడే చదివి వెళ్లిన మేము మాత్రం ఈసారి చీపురు గురించి, పెట్టె గురించి రాయదలిచాం. ఎందుకంటే గజ్జి వచ్చి రాత్రంతా గోక్కునే పిల్లవాడికి లెక్కలు తలకెక్కవు. డెంగీ జ్వరంతో పరీక్షల ముందు ఇంటికి వెళ్లినవాడికి పోయిన రోజులు తిరిగిరావు.

చక్రాల మీద ఇళ్లు

అమెరికా, యూరప్ దేశాల్లో మోటార్ హోం అనే బండి ఉంటుంది. చూడటానికి బస్సులా ఉంటుంది కానీ లోపల మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, స్నానాల గది అన్నీ ఉంటాయి. కుటుంబాలు నెలల తరబడి అందులోనే తిరుగుతాయి. అంత దూరం పోనక్కర్లేదు, మన లారీ క్యాబిన్ కూడా ఒక ఇల్లే. డ్రైవరు, క్లీనరు వారాల తరబడి అందులోనే తింటారు, అందులోనే పడుకుంటారు. బట్టలు, గ్యాసు పొయ్యి, బియ్యం, బండి కాగితాలు అన్నీ ఆ కాస్త చోటులోనే సర్దుకుంటారు.

ఇలా ఇరుకు చోట బతికేవారందరూ మూడు సూత్రాలు పాటిస్తారు. ఒకటి, ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉండాలి, వాడిన తర్వాత అది అక్కడికే చేరాలి. రెండు, బరువైనవి కింద, తేలికైనవి పైన ఉండాలి. మూడు, ఒక కొత్త వస్తువు లోపలికి వస్తే పనికిరాని పాతది ఒకటి బయటికి పోవాలి. ఈ మూడూ మన హాలుకు, మన పెట్టెకు అక్షరాలా వర్తిస్తాయి.

పెట్టె సర్దుకునే విధానం

1. పెట్టెను నేల మీద నేరుగా పెట్టకూడదు. కింద నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టాలి. నేల చెమ్మ తగలదు కాబట్టి అడుగు తుప్పు పట్టదు. చీపురు కిందికి దూరుతుంది. తేలు, జెర్రి దాక్కుంటే కంటికి కనిపిస్తుంది. గోడకు కూడా జానెడు ఎడంగా ఉంచితే చెదలు పాకినా ముందే తెలుస్తుంది.

2. అడుగున పాత న్యూస్ పేపరు పరచాలి. దాని మీద ఈ కాలంలో వాడని దుప్పటి, స్వెట్టరు, పై తరగతి వాళ్లు ఇచ్చిన పుస్తకాలు పెట్టాలి. వాటి మీద ఉతికిన బట్టలు. అన్నిటికంటే పైన రేపు వేసుకోవలసిన యూనిఫాం. ఇలా ఉంటే పొద్దున పెట్టె మొత్తం గుల్ల చేయనక్కర్లేదు.

3. సబ్బు, నూనె సీసా, బ్రష్షు, దువ్వెన ఒక చిన్న డబ్బాలో వేరుగా ఉండాలి. నూనె సీసా పుస్తకాల మీద ఒలికితే ఆ సంవత్సరమంతా నోట్సు జిడ్డే.

4. తడి తువ్వాలు, తడి బట్టలు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టెలో పెట్టకూడదు. తామర తెచ్చే బూజుకు కావలసింది చెమ్మే. తువ్వాలు, లోదుస్తులు నీడన కాదు, ఎండలో ఆరేయాలి. బాలికల హాస్టళ్లలో నెలసరికి వాడే గుడ్డలను కూడా చాటుగా చీకట్లో ఆరేయకుండా ఎండ తగిలే చోట ఆరేయాలి. అందుకు వేరే తీగ, వేరే చోటు ఏర్పాటు చేయమని వార్డెన్ మేడమ్‌ను అడగటంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

5. బట్టల మధ్య ఎండిన వేపాకు వేసుకోవచ్చు. కలరా ఉండలు వాడేవారు ఆ బట్టలను ఒక పూట ఎండలో వేసి, వాసన పోయాకే తొడుక్కోవాలి. పుట్టుకతో కొందరి రక్తానికి ఆ మందు పడదు, ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. ఉండలను తినే వస్తువుల దగ్గర పెట్టటం మరీ ప్రమాదం.

6. కంచం, గ్లాసు బట్టల పెట్టెలో వద్దు. కడిగి, నీరు కారిపోయేలా బోర్లించి, శుభ్రమైన గుడ్డ కప్పాలి.

సర్టిఫికెట్ల విషయం

ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి వేరుగా చెబుతున్నాం. కుల ధ్రువీకరణ పత్రం, బోనఫైడ్, మార్కుల మెమో, బ్యాంకు పాసు పుస్తకం - ఇవి మన ఆస్తి. పొలం పాసు పుస్తకం లేని ఇళ్ల నుంచి వచ్చిన మనకు ఇవే పొలాలు. మా బ్యాచ్‌లో ఒక మిత్రుడి పదో తరగతి మెమో పెట్టె అడుగున ఉండి చెదలు తినేశాయి. పోలీసు స్టేషను, నోటరీ, పరీక్షల ఆఫీసు చుట్టూ తిరిగి డూప్లికేటు తెచ్చుకునేసరికి కౌన్సెలింగ్ అయిపోయింది. తండ్రి ఆ తిరుగుళ్ల కోసం పోగొట్టుకున్న కూలి రోజులకు లెక్కే లేదు.

అందుకని ఒరిజినల్ కాగితాలను మడత పెట్టకుండా ప్లాస్టిక్ ఫైలులో పెట్టి, జిప్పు ఉన్న కవరులో వేసి, పెట్టె అడుగున కాక బట్టల మధ్యలో ఉంచాలి. నెలకొకసారి తీసి చూడాలి. రెండు సెట్ల జిరాక్సులు తీసి ఒకటి ఇంట్లో ఉంచాలి. లామినేషన్ చేయించవద్దు, కొన్నిచోట్ల లామినేట్ చేసిన ఒరిజినల్‌ను పరిశీలించడానికి ఒప్పుకోరు. 2015లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన డిజిలాకర్‌లో అనేక బోర్డుల సర్టిఫికెట్లు దొరుకుతున్నాయి. ఫోను ఉన్న అన్నయ్యో అక్కయ్యో సాయం చేస్తే ఒక పూటలో అయ్యే పని.

అటుకుల పొట్లం నుంచి పాము దాకా

ఇంటి నుంచి అమ్మ కట్టి ఇచ్చిన అటుకులు, జంతికలు, బెల్లం ఉండలు కాగితపు పొట్లంలోనో ప్లాస్టిక్ సంచిలోనో పెట్టెలో దాస్తాం. మొదట చీమలు వస్తాయి, తర్వాత బొద్దింకలు, ఆ తర్వాత ఎలుకలు. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. హాస్టళ్లలో పాము కాట్ల వెనుక చాలాసార్లు ఈ గొలుసే ఉంటుంది. కాబట్టి తినుబండారాలు బిగుతైన మూత ఉన్న రేకు డబ్బాలో ఉండాలి. లేదంటే వచ్చిన రోజే నలుగురితో పంచుకుని తినేయాలి, అది మరీ మంచి పద్ధతి. హాలులో కూర్చుని అన్నం తినకూడదు.

నేల మీద పడుకునేవారు కట్లపాము సంగతి తప్పక తెలుసుకోవాలి. అది రాత్రిపూట తిరుగుతుంది, నిద్రపోతున్నవారిని కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గుర్తు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, రెప్పలు వాలిపోవటం, మాట ముద్దగా రావటం కనిపిస్తే అజీర్తి అనుకుని పడుకోబెట్టకూడదు. కట్లు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం అన్నీ మానేసి వెంటనే 108కి ఫోను చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఈ 108 సర్వీసు నేటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. దోమతెర అంచులను చాప కిందికి నాలుగు వైపులా దోపి పడుకుంటే దోమ నుంచే కాదు, పాము నుంచీ రక్షణ.

గజ్జి: ఒక్కరి జబ్బు కాదు

గజ్జికి కారణం కంటికి కనిపించనంత చిన్న పురుగు. అది చర్మం పైపొరలో సొరంగం చేసుకుని గుడ్లు పెడుతుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ దురద పుడుతుంది. రాత్రి ఎక్కువవుతుంది. మొదటిసారి సోకినవారికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ఇక్కడే ఉంది తిరకాసు. ఈలోగా వాడి పక్కన పడుకున్నవాడికీ అంటుతుంది. అందుకే దురద ఉన్న ఒక్కడికే మందు రాస్తే హాలులో గజ్జి పోదు, ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

చేయవలసింది ఇది. పి.హెచ్.సి. డాక్టరు గారినో ఏ.ఎన్.ఎం. గారినో పిలిపించి, వారు చెప్పిన మందును హాలులో అందరూ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకోవాలి. వారు చెబితే వారం తర్వాత రెండోసారి రాసుకోవాలి. మరునాడు పొద్దున అందరి దుప్పట్లు, బట్టలు, తువ్వాళ్లు వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేయాలి. మనిషి ఒంటికి దూరమైతే ఈ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. కాబట్టి ఉతకడానికి వీల్లేని పరుపు, బ్యాగు వంటివి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి వారం రోజులు పక్కన పెడితే చాలు.

ఇంకొక మాట. గజ్జి కులానికో పేదరికానికో గుర్తు కాదు. ఎక్కడ ఎక్కువమంది ఇరుకుగా పడుకుంటారో అక్కడ అది ఉంటుంది. దురద వచ్చినవాడిని వెక్కిరిస్తే వాడు దాచుకుంటాడు, దాచుకుంటే అందరికీ వస్తుంది. మొదటి రోజే చెప్పిన తమ్ముడిని మెచ్చుకోవాలి.

వారానికొక రోజు - నీళ్ల పండుగ

డెంగీ తెచ్చే దోమ పగటిపూట కుడుతుంది. మురుగులో కాదు, మనం పట్టి ఉంచుకున్న నిలవ నీళ్లలోనే పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి సుమారు ఏడు నుంచి పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి తొట్లు, డ్రమ్ములు, బకెట్లు ఖాళీ చేస్తే దోమ పుట్టకముందే దాని కథ ముగుస్తుంది. అయితే ఒలకబోస్తే సరిపోదు. గుడ్లు తొట్టి గోడలకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. పగిలిన కుండలు, టైర్లు, కొబ్బరి చిప్పలు తీసేయాలి. సంపుకు మూత ఉండాలి.

సంపు నీళ్లలో బ్లీచింగ్ పౌడరు కలపటం సిబ్బంది పని, కానీ లెక్క మనకూ తెలియాలి. వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు, అంటే పదివేల లీటర్ల సంపుకు పాతిక గ్రాములు. పొడిని నేరుగా చల్లకుండా బకెట్టు నీళ్లలో కలిపి, సున్నం కిందికి దిగాక పైనున్న తేట పోసి, గంటసేపు ఆగి వాడుకోవాలి. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో గానీ మరే మందుతో గానీ ఎప్పుడూ కలపకూడదు. యాసిడ్ తగిలితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది.

హాలు ఊడ్చే వరుస

పై నుంచి కిందికి, లోపలి నుంచి గుమ్మం వైపుకు - ఇదే వరుస. ముందు బూజు కర్రతో బూజు, తర్వాత కిటికీలు, ఆ తర్వాత నేల. నేల తుడిచాక బూజు దులిపితే చేసిన పని మళ్లీ చేయాలి. హాలును అయిదుగురేసి జట్లుగా విడదీసుకుని, పేర్లు గోడకు అంటించుకుంటే చిన్నతరగతి పిల్లల మీదే భారం పడదు. ఆరో తరగతివాడి చేతిలో చీపురు, పదో తరగతివాడి చేతిలో క్యారమ్ బోర్డు ఉన్న హాస్టల్ మంచి హాస్టల్ కాదు.

రోజూ పది నిమిషాలు: ఊడ్చటం, దుప్పట్లు మడవటం. వారానికొకసారి: తడిగుడ్డ, నీళ్ల తొట్లు, చాపలు ఎండలో వేయటం, తలలో పేలు చూసుకోవటం. నెలకొకసారి: పెట్టె మొత్తం బయటపెట్టి దులపటం, సర్టిఫికెట్ల తనిఖీ. దువ్వెన, తువ్వాలు, సబ్బు ఎవరివి వారివే.

ఏది మన పని, ఏది కాదు

మన పెట్టె, మన పక్క, మన కంచం, మన హాలు - ఇవి మన పనులు. ఇందులో చిన్నతనం లేదు. మహారాష్ట్రలో గాడ్గే బాబా (1876-1956) చీపురు పట్టుకుని ఊరూరా తిరిగి, ముందు వీధి ఊడ్చి తర్వాతే మాట్లాడేవారు. అంబేద్కర్ గారు ఆయనను ఎంతో గౌరవించారు.

కానీ మరుగుదొడ్లు కడగటానికి, సెప్టిక్ ట్యాంకు తీయటానికి జీతం ఇచ్చి మనుషులను, యంత్రాలను ఏర్పాటు చేయవలసినది ప్రభుత్వం. వాడిన తర్వాత నీళ్లు పోయటం వరకే మన వంతు. ఇంత కచ్చితంగా చెప్పటానికి కారణం ఉంది. తరతరాలుగా కొన్ని కులాల చేతికి చీపురు, తట్ట ఇచ్చి, పలక ఇవ్వలేదు. మనిషి చేత మలం ఎత్తించటాన్ని నిషేధిస్తూ 2013లో కూడా పార్లమెంటు మరొక చట్టం చేయవలసి వచ్చింది. ఆ దురాచారం మీద పోరాడుతున్న బెజవాడ విల్సన్ గారు కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టినవారే, 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. చదువు మాన్పించి దొడ్లు కడిగిస్తే మర్యాదగా, అందరూ కలిసి, కాగితం మీద రాసి అడగాలి. అదే సమయంలో మన దొడ్లు కడిగే పనివారిని అన్నా, అమ్మా అని పిలవాలి.

పాత విద్యార్థులకు మనవి

వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు శాలువాలు, మెమెంటోలు బదులు ఈ హాస్టలుకు దోమతెరలు, సంపు మూతలు, ప్లాస్టిక్ ఫైళ్లు, ఒక బండెడు ఇటుకలు తెస్తే అంతకు మించిన సన్మానం లేదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పేజీని చించి హాలు గోడకు అంటించుకున్నా మాకు సంతోషమే. వచ్చే ఆదివారం పెట్టెలు బయటపెట్టి, ఫైలు తీసి, కాగితాలు లెక్కపెట్టుకోండి.