ఒకే జ్వరం - రెండు వ్యాధులు

జ్వరం వ్యాధి కాదు, వ్యాధికి సూచన మాత్రమే. మలేరియా నిత్యం కాపురమున్న పేదదేశంలో కొత్త వైరస్ కూడా ప్రబలితే, ఆ సూచన దేనిదో తేల్చడం ఎట్లా? పశ్చిమ ఆఫ్రికాలోని సియర్రా లియోన్ ఆరేళ్ల వ్యవధిలో రెండుసార్లు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది.

2014లో అక్కడ ఎబోలా విజృంభించింది. ఎబోలా, మలేరియా జ్వరాలు ఆరంభంలో ఒకే తీరుగా ఉంటాయి. ఎబోలా సోకుతుందన్న భయంతో రోగులు ఆసుపత్రులకు దూరమయ్యారు. వైద్య సిబ్బందికి రక్తపరీక్ష చేయడమే ప్రమాదకరమైంది. అందుచేత 2014 డిసెంబరులోనూ, 2015 జనవరిలోనూ ఎబోలా తీవ్రంగా ఉన్న ప్రాంతాలలో పరీక్షతో నిమిత్తం లేకుండా ఇంటింటికీ మలేరియా మందు పంచారు. సుమారు 25 లక్షల మందిని ఉద్దేశించిన ఈ ప్రయత్నంతో మలేరియా కేసులే కాక, ఎబోలా అనుమానపు కేసులు కూడా కొంతకాలం తగ్గాయి.

2020లో కోవిడ్ వచ్చింది. స్వల్ప జ్వరమైతే ఇంటిపట్టునే ఉండమన్న సలహా అనేక దేశాలలో వినిపించింది. మలేరియా ప్రాంతాలలో ఈ సలహా ప్రాణాంతకం కాగలదు. ఫాల్సిపేరం రకపు మలేరియాకు 24 గంటలలో చికిత్స అందకపోతే అది విషమించవచ్చు. పసిపిల్లలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కోవిడ్ కాలంలోనూ సియర్రా లియోన్ దోమతెరల పంపిణీని మానలేదు. అయినప్పటికీ 2020లో ప్రపంచవ్యాప్తంగా మలేరియా మరణాలు అంతకుముందటి ఏడాదికంటే సుమారు 69,000 పెరిగాయనీ, వాటిలో దాదాపు 47,000 వైద్యసేవల అంతరాయం వల్లనేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదికలో అంచనా వేసింది.

దీనివల్ల తేలేదేమిటి? కొత్త వ్యాధితో పోరాడుతూ పాతదాన్ని విస్మరించరాదు. వేలికొన నుండి తీసిన ఒక్క రక్తపు చుక్కతో, సూక్ష్మదర్శిని అవసరం లేకుండానే, సుమారు 20 నిమిషాలలో మలేరియాను గుర్తించే పరీక్ష నేడున్నది. గ్రామ ఆరోగ్య కార్యకర్తకు ఆ పరీక్ష, మందు, రక్షణకు మాస్కు, చేతి తొడుగులు అందితే చాలు, మారుమూల పల్లెలోనూ అనేక ప్రాణాలు నిలుస్తాయి.

దోమ దేహంలో మలేరియా పరాన్నజీవిని 1897లో రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. ఆ నేలకు చెందిన మనం ఒక జాగ్రత్త పాటించాలి. మలేరియా ఉన్న ప్రాంతాలకు వెళ్లివచ్చిన తరువాత జ్వరం వస్తే, ఆ ప్రయాణం సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. కోవిడ్ లేదని తేలినంత మాత్రాన మలేరియా లేదని కాదు. కోవిడ్ ఉన్నదని తేలినా, మలేరియా కూడా ఉండవచ్చు.