చావిట్లో చిన్న చెరువు

భీమవరం : గోదావరి డెల్టా రైతుకు చేపల పెంపకం గురించి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. గట్టు మీద నిలబడి, నీటి రంగు చూసి చెరువు సంగతి చెప్పేవారికి ఈ ప్రాంతంలో కొదవలేదు. విచిత్రమేమిటంటే, అటువంటి రైతు ఇంట్లోనే పిల్లలు ముచ్చటపడి పట్నం నుంచి తెచ్చుకున్న నాలుగు రంగు చేపలు వారం తిరక్కుండా చచ్చి తేలుతుంటాయి. ఎకరాల చెరువును సాకేవారికి రెండడుగుల అద్దాల తొట్టె ఎందుకు లొంగదు?

దానిని ఎవరూ చెరువు అనుకోరు గనుక. టీవీ పక్కన పెట్టే బొమ్మ అనుకుంటారు. తళతళలాడేట్టు కడిగి, కొళాయి నీళ్లు పట్టి, రంగు రాళ్లు పోసి, ఆ సాయంత్రమే చేపలను వదులుతారు. పిల్లలు గుప్పెళ్లతో మేత వేస్తారు. మూడోనాటికి నీరు పాలవిరుగుడులా తెల్లబారుతుంది. అయిదోనాటికి ఒక చేప పైకి తేలుతుంది. వెంటనే నీళ్లన్నీ పారబోసి, తొట్టెను సబ్బుపెట్టి మరీ తోమి మళ్లీ నింపుతారు. మిగిలిన చేపలు కూడా అప్పుడు పోతాయి. దుకాణంవాడు రోగం చేపలు అంటగట్టాడని నింద. చాలాసార్లు ఆ పాపం దుకాణంవాడిది కాదు.

నీళ్లు తయారయ్యాకే పిల్ల

చెరువులో పిల్లను వదిలేముందు రైతు ఏం చేస్తాడు? అడుగు ఎండగడతాడు, సున్నం చల్లుతాడు, నీళ్లు పెట్టి ఎరువు వేస్తాడు. ఆ తర్వాత తొందరపడడు. నీరు రంగు తిరిగేదాకా ఆగుతాడు. అద్దాల తొట్టెకూ అదే పద్ధతి వర్తిస్తుంది, కాకపోతే ఇక్కడ కావలసింది పచ్చ రంగు కాదు. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఇసుకకూ, ఫిల్టరు స్పాంజికీ పట్టాలి.

చేప విసర్జన నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. రొయ్యల చెరువు చేసినవారికి ఈ పేరు చెబితే చాలు. ఒక రకం సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. ఇంకో రకం దానిని నైట్రేట్‌గా మారుస్తాయి. అది మరీ పేరుకుపోనంతవరకు చేపకు పెద్ద హాని చేయదు, పైగా మొక్కకు ఎరువు. కొత్త తొట్టెలో ఈ జీవులు స్థిరపడటానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే మొదట ఇసుక, మొక్కలు, నీళ్లతోనే తొట్టెను నడపాలి. రెండు మూడు రోజులకోసారి చిటికెడు మేత వేస్తుంటే ఆ జీవులకు తిండి దొరుకుతుంది. ఖాళీ తొట్టెలో మేత ఎందుకు వేస్తున్నారని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వాలి.

నీళ్లు తయారైనట్టు తెలుసుకునే సౌకర్యం ఈ ప్రాంతంవారికి ఉన్నట్టు పెద్ద నగరాల్లో ఉన్నవారికి కూడా లేదు. ఆక్వా ల్యాబులు ఇక్కడ వీధి చివరనే ఉన్నాయి. చెరువు నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లేటప్పుడు తొట్టె నీళ్లు కూడా ఒక సీసాలో తీసుకెళితే అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్, ఉప్పదనం అన్నీ తేలిపోతాయి. మొదటి రెండూ సున్నాకు వచ్చాకే చేపను తేవాలి.

ఏ నీళ్లు పోయాలన్నది ఇంకో చిక్కు. రక్షిత నీటి పథకం కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బ్లీచింగ్ వాసన తగులుతూనే ఉంటుంది. వెడల్పాటి పాత్రలో ఒక రోజంతా తెరిచి ఉంచితే అది ఎగిరిపోతుంది. తీరం దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పన. కాలువ నీళ్లలో పొలాల పురుగుమందు కలిసి రావచ్చు. మంచినీళ్ల క్యాన్లు తెచ్చి పోస్తే శ్రేష్ఠమని కొందరి నమ్మకం. ఆ నీటిలో ఖనిజాలు దాదాపు తీసేసి ఉంటాయి కనుక అదొక్కటే పోయడం చేపకు గానీ మొక్కకు గానీ మంచిది కాదు. నిలవబెట్టిన కొళాయి నీరే మేలు.

మొక్క ఉంటే సగం పని తగ్గినట్టే

1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త గాజుపాత్రలో గోల్డ్‌ఫిష్‌ను, వాలిస్నేరియా అనే నీటి మొక్కను కలిపి పెంచి, ఒకదానికొకటి ఎలా ఆసరా అవుతాయో చూపించాడు. రాలిన ఆకులు కుళ్లి నీళ్లు మురికైతే వాటిని తినడానికి నత్తలను వేశాడు. నీళ్లు తేరుకున్నాయి. ఆయన వాడిన వాలిస్నేరియా కొల్లేటిలోనూ పెరుగుతుంది. రిబ్బనులా పొడవాటి ఆకులతో అడుగు నుంచి పైకి లేచి తూగే మొక్క అది. దుకాణంలో కట్టకింత అని డబ్బు పోసి కొనేదీ అదే.

దానితోపాటు కాలువల్లో దొరికే హైడ్రిల్లా నాచు కూడా తొట్టెకు పనికొస్తుంది. అయితే తెచ్చింది తెచ్చినట్టు వేయకూడదు. నాచుతోపాటు తూనీగ పిల్లపురుగులు వస్తాయి, అవి చిన్న చేపలను పట్టి తింటాయి. చెరువు రైతులకు బాగా తెలిసిన చేప పేను కూడా రావచ్చు. లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు ఉంచి, మంచి నీళ్లతో కడిగి నాటుకోవాలి.

అడుగున రెండు మూడు అంగుళాల గోదావరి ఇసుక చాలు. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. సముద్రపు ఇసుక వద్దు, అందులో ఉప్పూ గుల్లలూ ఉంటాయి. కొందరు ఇసుక కింద అంగుళం మందాన మట్టి వేస్తారు. మొక్కలు బాగా పుంజుకుంటాయి. కానీ ఎరువులు, మందులు కొట్టిన చేలో మట్టి తెస్తే మొదటికే మోసం.

తొట్టెను కిటికీ పక్కన పెట్టకూడదు. ఎండ తగిలితే మొక్కకన్నా ముందు పాచి పెరుగుతుంది. ఎల్‌ఈడీ దీపం రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు వేస్తే సరిపోతుంది. తొట్టెను ఏ బల్ల మీద పెట్టేదీ ముందే చూసుకోవాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టె నింపితే దాదాపు ఒక ధాన్యం బస్తా బరువు. బల్ల మీద థర్మాకోల్ పలక పరిచి పెడితే అద్దం పగలదు.

మొక్కలున్నాయి కదా, గాలి మోటారు ఎందుకని కొందరు తీసేస్తారు. తెల్లవారుజామున చెరువులో చేపలు నోళ్లు తెరిచి పైకి రావడం చూసినవారికి జవాబు తెలుసు. పగలు ఆక్సిజన్ ఇచ్చే మొక్కే రాత్రి తానూ పీల్చుకుంటుంది. చిన్న ఫిల్టరుతో నీటి పైభాగం కదులుతూ ఉండాలి. కరెంటు పోతే గిన్నెతో నీళ్లు ముంచి ఎత్తున నుంచి పోస్తుండాలి. వేసవిలో నీరు వేడెక్కేకొద్దీ అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు మూత తీసి, నీటి మీదుగా ఫ్యాను గాలి తగిలేట్టు చూస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

ఎవరితో ఎవరికి పొత్తు

శీలావతి, బొచ్చె కలిపి వేసినా అవి తగువులాడుకోవు. రంగు చేపల్లో అలా కుదరదు. ఫైటర్ మగవి రెండు ఒక తొట్టెలో పడితే ఒకటి మిగలదు. టైగర్ బార్బ్ పొడవాటి రెక్కలున్న చేపల రెక్కలు కొరుకుతుంది. ఏంజెల్ చిన్నప్పుడు సాధువు, పెరిగాక నోట పట్టిన చిన్న చేపనల్లా మింగుతుంది. గోల్డ్‌ఫిష్ తిండిపోతు, మురికి ఎక్కువ, పైగా మొక్కలను పీకేస్తుంది. అది చల్లటి నీటి చేప. అమెజాన్ ప్రాంతపు నియాన్ టెట్రా చూడ్డానికి ముచ్చటే గాని దానికి మెత్తటి నీరు కావాలి. ఈ ప్రాంతపు గట్టి నీటిలో వేసి చంపుకోవడమెందుకు?

ఇక్కడి నీటికి గప్పీ, ప్లాటీ, మోలీ బాగా సర్దుకుంటాయి. వీటికి తోడు జీబ్రా డానియో. ఒంటి మీద నీలి చారలతో చురుగ్గా తిరిగే ఈ చేప మనదేశపు వాగుల్లోదే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. నేడు ప్రపంచమంతటా పరిశోధనశాలల్లో పెరుగుతోంది. ఇది ఒంటరిగా ఉంటే బెదురుతుంది. అయిదారింటిని కలిపి వేయాలి.

పైన చెప్పిన కొలత తొట్టెకు పది పన్నెండు చిన్న చేపలు మించకూడదు. అవైనా ఒకేసారి కాదు. ముందు నాలుగు, రెండు వారాలాగి మరికొన్ని. సంచిని తెచ్చిన వెంటనే కుమ్మరించకూడదు. చెరువులో పిల్లను వదిలేటప్పుడు చేసినట్టే పావుగంట సంచిని నీటి మీద తేలనిచ్చి, కొంచెం కొంచెం తొట్టె నీళ్లు కలిపి, అప్పుడు వదలాలి. గప్పీలు నెలకోసారి పిల్లలు పెడతాయి. పెంచే ఓపిక లేనివారు తోక రంగులున్న మగవాటినే తెచ్చుకోవడం మేలు.

మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. తవుడు, చెక్క తొట్టెకు పనికిరావు. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తీసి, నిలవబెట్టిన నీళ్లు పోయాలి. ఫిల్టరు స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండాలి. కొళాయి కింద కడిగితే ఇన్నాళ్లూ పెంచిన సూక్ష్మజీవులు క్లోరిన్‌కు చస్తాయి. చేపకు జబ్బు చేసిందని షెడ్డులో ఉన్న చెరువు మందు చిటికెడు కలపడం మరో పొరపాటు. ఎకరాల లెక్కన వాడే మందుకు యాభై లీటర్ల నీళ్లలో చిటికెడంటే మోతాదు ఎన్నో రెట్లు.

‘తొట్టె శుభ్రం చేసే చేప’ సంగతి

అద్దానికి పాచి పట్టిందంటే దుకాణంలో ఒక నల్లటి చేపను చేతిలో పెడతారు. అద్దానికి నోటితో అతుక్కుని ఉంటుంది. సక్కర్ అంటారు. కొనేటప్పుడు రెండంగుళాలు. దక్షిణ అమెరికా నదుల్లోది, అడుగున్నర దాకా పెరుగుతుంది. రెండడుగుల తొట్టెలో అడుగు చేప తిరగలేదు. మొక్కలను పెకలిస్తుంది, పేడికల్లా మలం వేస్తుంది. చంపడానికి మనసొప్పదు. పుణ్యానికి పోయి కాలువలో వదులుతారు.

కృష్ణా, గోదావరి కాలువల్లో, చెరువుల్లో వలలకు పడుతున్న ‘దెయ్యం చేప’ ఇదే. కాలువ నీళ్లతో చెరువులోకి చేరిందంటే అసలు చేపల మేతలో పాలు పంచుకుంటుంది. గట్టుల్లో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. ఒళ్లంతా ఎముక పెంకు కావడంతో పెద్ద చేపలు కూడా దీని జోలికి పోవు. రెక్క ముళ్లకు వలలు చినుగుతాయి. ఒడ్డున పడేసినా గంటల తరబడి చావదు. సంతలో దీనికి ధర లేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ జాడలను పట్టి, తూర్పు కనుమల ప్రాంతపు జలాశయాల్లో ఇది ఎంతగా వ్యాపించిందో గుర్తించారు. ఇది ఈ దేశానికి వచ్చిన దారి రంగు చేపల వ్యాపారమే. ఒకచోట తాత చెరువు గట్టు మీద చినిగిన వల చూసుకుని తిట్టుకుంటుంటే, ఆ చేప తాతనో అమ్మమ్మనో ఎక్కడో మనవడే కాలువలో వదిలి ఉండవచ్చు.

కొల్లేటిని కప్పేసిన గుర్రపు డెక్క కథా ఇటువంటిదే. అదీ దక్షిణ అమెరికాదే. ఊదారంగు పూలు అందంగా ఉన్నాయని ఒకప్పుడు తోటల కుంటల్లో వేసుకోవడానికి తెచ్చిందే.

పాచికి సక్కర్ అక్కరలేదు. దీపం గంటలు తగ్గించి, పాత ఏటీఎం కార్డుతో అద్దాన్ని గీకితే పోతుంది. తొట్టె మీద మోజు తీరినవారు చేపలను దుకాణంవారికే తిరిగి ఇవ్వవచ్చు, లేదా ఇంకో ఇంటివారికి ఇవ్వవచ్చు. కత్తిరించిన నాచును ఎండబెట్టి పెంటకుప్పలో వేయాలి. వారం వారం తీసిన నీళ్లను మురుగు కాలువలో పోయకుండా పెరట్లో మందార మొదట్లోనో, కరివేపాకు మొదట్లోనో పోస్తే నైట్రేట్ ఉన్న ఆ నీళ్లకు చెట్టు నెల తిరక్కుండా చిగురేస్తుంది.