సోల్డరింగ్ పరికరాల ఎంపిక

సోల్డరింగ్ అనగా రెండు లోహపు భాగాలను వాటికంటె తక్కువ ఉష్ణోగ్రత వద్ద కరిగే మిశ్రమలోహంతో అతికే ప్రక్రియ. తెలుగులో దీనిని టంకము వేయుట అంటారు. చిల్లు పడిన పాత్రలకు మాటు వేయుట కూడా ఈ కోవకు చెందినదే. నగలు అతికేటప్పుడు కంసాలులు వెలిగారం వాడినట్లే, ఎలక్ట్రానిక్స్ పనిలో రోజిన్ వాడతారు. ఉపరితలం మీది ఆక్సైడును తొలగించి, కరిగిన టంకము చక్కగా పారేటట్లు చేయుటయే ఈ రెండింటి పని. చిన్న ఎలక్ట్రానిక్ పనులకు తగిన పరికరాలను ఎన్నుకొనే విధానం ఈ వ్యాసంలో వివరించబడినది.

ప్రాంతీయ అవసరాలు

పూర్వపు నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాలలో మెట్ట వ్యవసాయం అధికంగా బోరుబావులపై ఆధారపడి ఉంది. బోరు మోటార్ల ఆటో స్టార్టర్లు, ఇన్వర్టర్లు, ఎల్ఈడీ దీపాలు, మొబైల్ ఛార్జర్ల మరమ్మతులలో సోల్డరింగ్ తప్పనిసరి. చేనేతలోనూ ఎలక్ట్రానిక్స్ ప్రవేశించింది. ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, పోచంపల్లి చీరలకు ఆసు పోసే యంత్రాన్ని 1999లో రూపొందించాడు. తరువాతి నమూనాలలో ఎలక్ట్రానిక్ నియంత్రణ కూడా చేర్చబడినది. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. ఇటువంటి యంత్రంలో ఒక్క అతుకు వదులైనా పని నిలిచిపోతుంది. కనుక మంచి అతుకు పడుట జీవనోపాధికి సంబంధించిన విషయం.

సోల్డరింగ్ ఐరన్ సామర్థ్యం

* 15 నుండి 25 వాట్లు: సర్క్యూట్ బోర్డుల మీది రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు, ఐసీలకు.
* 35 నుండి 60 వాట్లు: లావు తీగలు, స్విచ్చులు, ట్రాన్స్‌ఫార్మర్ కొసలకు.
* 60 వాట్లకు మించినవి: లోహపు రేకులు, పెద్ద టెర్మినళ్లకు. వీటిని బోర్డులపై వాడరాదు. రాగి పొర ఊడిపోయే ప్రమాదం ఉంది.

వాట్లు ఎక్కువైనంత మాత్రాన ఉష్ణోగ్రత నియంత్రణ గల స్టేషన్ అధికంగా వేడెక్కదు. కోల్పోయిన వేడిని త్వరగా పూరించుటకే ఆ సామర్థ్యం తోడ్పడుతుంది. సీసం కలిసిన టంకమునకు సాధారణంగా 320 నుండి 350 డిగ్రీల సెంటీగ్రేడు అమరిక సరిపోతుంది.

వోల్టేజి ప్రభావం

సాధారణ ఐరన్‌లో నియంత్రణ ఉండదు. దాని సామర్థ్యం వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 230 వోల్టుల వద్ద 25 వాట్లు ఇచ్చే ఐరన్, 180 వోల్టుల వద్ద సుమారు 15 వాట్లే ఇస్తుంది. 250 వోల్టుల వద్ద 29 వాట్లు దాటుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల సరఫరా అమలులోకి వచ్చింది. అయినను ఒకే ట్రాన్స్‌ఫార్మర్‌పై పలు మోటార్లు ఒక్కసారిగా నడిచినపుడు లైను చివరి ఇండ్లలో వోల్టేజి తగ్గవచ్చును. అప్పుడు టంకము సరిగా కరగక, పైకి అతికినట్లు కనబడుచు లోపల వదులుగా ఉండే చల్లని అతుకులు ఏర్పడతాయి. ఇటువంటి చోట నియంత్రణ గల స్టేషన్ గాని, స్టెబిలైజరు గాని మేలు. విద్యుత్తు లేనిచోట 12 వోల్టుల బ్యాటరీతో పనిచేసే ఐరన్ ఉపయోగపడుతుంది.

బిట్టు

రాగి బిట్టు అరిగినపుడు ఆకురాయితో రాసి, కొనకు మరల టంకము పూయవచ్చును. ఇనుప పూత గల బిట్టును ఎన్నడూ రాయరాదు. పూత పోతే లోపలి రాగి టంకములో కరిగిపోతుంది. దీనిని తడి స్పాంజితో తుడిస్తే చాలును. మిక్కిలి సన్నని కొన కంటె ఉలి ఆకారపు కొన వేడిని బాగుగా అందిస్తుంది. కొనుటకు ముందు విడి బిట్లు దొరుకునో లేదో విచారించవలెను. ఈ రెండు జిల్లాల వారికి ఇటువంటి సామగ్రి హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో లభిస్తుంది.

టంకము తీగ

63 శాతం తగరం, 37 శాతం సీసం గల మిశ్రమం సరిగ్గా 183 డిగ్రీల వద్ద కరుగుతుంది. 60/40 మిశ్రమం 183, 190 డిగ్రీల మధ్య కరుగుతుంది. ఈ మధ్యదశలో అతుకు కదిలితే చెడిపోతుంది. కనుక నేర్చుకొనువారికి మొదటిది సులువు. తగరం, రాగి మాత్రమే గల సీసరహిత టంకము 227 డిగ్రీల వద్ద కరుగుతుంది. యూరోపియన్ యూనియన్ 2006 జూలై 1 నుండి అనేక ఎలక్ట్రానిక్ వస్తువులలో సీసం వాడకాన్ని పరిమితం చేసింది. బోర్డు పనికి లోపల రోజిన్ గల 22 గేజి తీగ, అనగా సుమారు 0.7 మిల్లీమీటర్లది, అనుకూలం. కుళాయి పనివారు వాడే ఆమ్ల ఫ్లక్స్ బోర్డును తినివేస్తుంది.

ఎర్తింగ్, భద్రత

* మూడు పిన్నుల ప్లగ్గు గల ఐరన్‌ను ఎంచుకోవలెను. ప్లగ్గు తీసి ఉంచి, ఎర్త్ పిన్నుకు, బిట్టుకు మధ్య మల్టీమీటరుతో కొలిస్తే నిరోధం దాదాపు శూన్యంగా ఉండాలి.
* రాతి నేలలలో వేసవిలో భూమి ఎండి ఎర్తింగ్ బలహీనపడుతుంది. ఎర్త్ గుంతలో నీరు పోయుచుండవలెను. పొడిగాలిలో స్థిర విద్యుత్తు వలన కూడా ఐసీలు చెడిపోవచ్చును.
* స్టార్టరు బోర్డును సరఫరా నుండి పూర్తిగా విడదీసి, కెపాసిటర్లను డిశ్చార్జి చేసిన తరువాతనే ముట్టుకోవలెను.
* రోజిన్ పొగ ఉబ్బసానికి కారణం కాగలదు. గాలి ధారాళంగా వచ్చేచోట పని చేయాలి.
* ఈ ఉష్ణోగ్రతల వద్ద సీసం చెప్పుకోదగినంతగా ఆవిరి కాదు. చేతుల ద్వారా నోటిలోనికి చేరుతుంది. పని ముగియగానే సబ్బుతో చేతులు కడుగుకోవలెను. పిల్లలకు స్వల్ప మోతాదు సీసం కూడా హానికరం గనుక, భోజనం చేసే చోట ఈ పని చేయరాదు.

ప్రారంభకులకు కావలసినవి

25 వాట్ల ఐరన్, బరువైన స్టాండు, స్పాంజి, టంకము తీగ, రోజిన్, డీసోల్డరింగ్ పంపు, సన్నని కట్టరు, మల్టీమీటరు. వీటితో చాలావరకు మరమ్మతులు సాధ్యమవుతాయి. పని పెరిగి, వోల్టేజి నిలకడగా లేనిచోట ముందుగా మార్చవలసినది ఐరన్‌నే.

ఇవి కూడా చూడండి

* తగరము
* సీసము
* విద్యుత్ నిరోధం
* పోచంపల్లి చీర